సాగరతీరాన సంజ్ఞాభాష

"చెవిటివాని ముందు శంఖమూదినట్లు" అనే సామెత తెలుగునాట తరచుగా వినబడుతుంది. ఫలితం లేని శ్రమను చెప్పడానికి దానిని వాడుతారు. ఈ సామెతలో నింద అంతా వినలేనివానిపైనే పడింది. ఎదుటివాడు వినలేడని తెలిసి కూడా శంఖమే ఎందుకు పట్టుకోవలసి వచ్చిందని ఊదేవాణ్ణి అడిగినవారు లేరు. చెప్పదలచిన మాటను చేతులతో, కన్నులతో, ముఖంతో చెప్పే మార్గం ఒకటి ఉంది. దానికి వ్యాకరణమూ, పదజాలమూ, ప్రాంతీయ భేదాలూ ఉన్నాయి. హాస్యమూ, కవిత్వమూ కూడా ఉన్నాయి. దానినే సంజ్ఞాభాష అంటారు.

సంజ్ఞాభాష అనగానే చాలామందికి రెండు అపోహలు కలుగుతాయి. అది మూకాభినయం వంటిదని ఒకటి, లోకమంతటా ఒకే విధంగా ఉంటుందని మరొకటి. బ్రిటన్, అమెరికా దేశాల ప్రజలు మాట్లాడేది ఇంగ్లీషే అయినా, ఆ రెండు దేశాల బధిరుల సంజ్ఞాభాషలు వేర్వేరు. ఒకరిది మరొకరికి సులభంగా అర్థం కాదు. అమెరికా సంజ్ఞాభాషకు చుట్టరికం ఫ్రాన్సుతో ఉంది. 1817లో హార్ట్‌ఫర్డ్ నగరంలో థామస్ గాలడెట్‌తో కలిసి బధిరుల పాఠశాలను నెలకొల్పిన లారెంట్ క్లెర్క్ స్వయంగా బధిరుడు, పారిస్ బధిర పాఠశాలలో చదివినవాడు. ఇక మూకాభినయంతో పోలిక సంగతి. కూచిపూడి నర్తకి పట్టే హస్తాలు చూచి సంజ్ఞాభాష కూడా అటువంటిదే అనుకొనేవారున్నారు. నర్తకి చేతులు పాడుతున్న పాటకు తోడుగా కదులుతాయి. బధిరుని చేతులకు వెనుక పాట ఉండదు. రొయ్యల ధర పడిపోయిన సంగతినీ, పరీక్ష వాయిదా పడిన సంగతినీ, పక్కింటివారి తగవునూ ఆ చేతులే చెప్పాలి.

ఈ భాషకు భాషగా గుర్తింపు లభించడానికి చాలాకాలం పట్టింది. 1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో సమావేశమైన బధిర విద్యా సదస్సు, పాఠశాలల్లో నోటి మాటనే నేర్పాలనీ, సంజ్ఞలను వాడరాదనీ తీర్మానించింది. ఆ సదస్సులో పాల్గొన్నవారిలో దాదాపు అందరూ వినగలవారే. దాని ప్రభావం వల్ల అనేక దేశాల్లో తరాలపాటు బధిర బాలలు తమ చేతులను దాచుకొని చదువుకోవలసి వచ్చింది. 1960లో అమెరికా ఆచార్యుడు విలియం స్టోకో సంజ్ఞలను కూడా మాటలవలెనే చిన్న చిన్న అంశాలుగా విడదీయవచ్చునని నిరూపించిన తరువాత భాషాశాస్త్రజ్ఞుల దృష్టి ఇటు మళ్ళింది. 2010లో వాంకూవర్‌లో జరిగిన అదే పరంపరకు చెందిన సదస్సు మిలాన్ తీర్మానాలను తోసిపుచ్చి విచారం ప్రకటించింది. అప్పటికి నూట ముప్పై ఏండ్లు గడిచిపోయాయి.

మన దేశంలో బధిరుల పాఠశాల మొదట బొంబాయిలో 1885లో వెలసింది. అయితే ఇక్కడి సంజ్ఞలను శాస్త్రీయంగా పరిశీలించే పని 1970ల చివర గాని మొదలు కాలేదు. ఆ పనికి పూనుకొన్నవారిలో ముఖ్యుడైన మదన్ వశిష్ఠ స్వయంగా బధిరుడు. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, దక్షిణాది నగరాల సంజ్ఞలను పోల్చి చూడగా, పదాల్లో ప్రాంతీయ భేదాలున్నా వ్యాకరణం చాలావరకు ఒక్కటేనని తేలింది. కేంద్ర ప్రభుత్వం 2015 సెప్టెంబరు 28న ఢిల్లీలో భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన, శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పింది. ఆ కేంద్రం 2018లో 3,000 పదాలతో దృశ్య నిఘంటువును వెలువరించింది. 2019లో అది 6,000 పదాలకు, 2021లో 10,000 పదాలకు పెరిగింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సంజ్ఞాభాషను భావప్రసార సాధనాల్లో ఒకటిగా పేర్కొన్నది. 2021లో సార్వత్రిక పాఠశాల విద్యలో దీనికి భాషావిషయంగా స్థానం లభించింది. అనగా తెలుగు, హిందీ, సంస్కృతాల వలె దీనినీ ఒక భాషగా ఎన్నుకొని చదివి పరీక్ష వ్రాయవచ్చునన్నమాట.

నిఘంటువు ఉన్నంత మాత్రాన భాష రాదు. భాష రావడానికి మనుషులు కావాలి. నెల్లూరు తీరంలో సంజ్ఞాభాష నేర్వదలచినవారికి ఎదురయ్యే చిక్కు ఇదే. జువ్వలదిన్నె, ఇసకపల్లి, మైపాడు, కోడూరు, కృష్ణపట్నం మొదలుకొని పులికాట్ సరస్సు దాకా ఒకవైపు సముద్రం, మరొకవైపు బకింగ్‌హాం కాలువ, నడుమ ఇసుకపర్రలు, సరుగుడు తోటలు, రొయ్యల చెరువులు. ఊళ్ళు చిన్నవి, దూరదూరంగా ఉన్నవి. హైదరాబాదు, చెన్నై వంటి నగరాల్లో బధిరులు వారాంతాల్లో ఒకచోట చేరి ముచ్చటించుకొంటారు. వారి సంఘాలకు కార్యాలయాలు ఉంటాయి, క్రీడాపోటీలు జరుగుతాయి. తీరగ్రామంలో అటువంటి కూడిక ఎక్కడ దొరుకుతుంది?

లెక్కలు చూస్తే పరిస్థితి బోధపడుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వినికిడి లోపం ఉన్నవారు సుమారు 50 లక్షల 70 వేల మంది, అనగా వేయిమందికి నలుగురు. రెండువేల జనాభా గల పల్లెలో ఆ లెక్కన ఎనిమిది మంది ఉండవచ్చు. వారిలో ముదిమి వల్ల వినికిడి తగ్గినవారిని తీసివేస్తే, పుట్టుకతోనో పసితనంలోనో వినికిడి కోల్పోయినవారు ఒకరో ఇద్దరో మిగులుతారు. ఒక్కరితో సంఘం ఏర్పడదు. పైగా బధిర శిశువుల్లో పదింట తొమ్మిది మందికి పైగా వినగల తల్లిదండ్రులకే పుడతారు. కావున ఆ పిల్లవానికి తల్లిభాష తల్లి వద్ద దొరకదు. తల్లి పెదవులు కదులుతాయి గాని వాటి నుండి ఆ బిడ్డకు భాష అందదు. పసితనంలో ఏదో ఒక భాష సంపూర్ణంగా అందకపోతే తరువాతి కాలంలో చదువు, ఆలోచన, స్నేహం అన్నీ కుంటుపడతాయని పరిశోధకులు పదేపదే హెచ్చరిస్తున్నారు. ఆ బిడ్డ తల్లి, అన్న, మేనమామ, పక్కింటి జూనియర్ కళాశాల విద్యార్థి సంజ్ఞాభాష నేర్చుకోవడం అందువల్ల కేవలం వినోదం కాజాలదు. వారు నేర్చుకొనేదాకా ఆ బిడ్డ ఆగలేదు. వయస్సు ఎవరి కోసమూ నిలువదు.

సముద్రతీరవాసులు సంజ్ఞాభాషను ఊరుమ్మడి భాషగా చేసుకొన్న ఉదాహరణ చరిత్రలో ఒకటి ఉంది. అమెరికా తూర్పుతీరంలో మార్తాస్ వైన్‌యార్డ్ అనే దీవి గలదు. చేపలవేట, వ్యవసాయం అక్కడివారి వృత్తులు. వంశపారంపర్యంగా వచ్చిన చెవిటితనం వల్ల 19వ శతాబ్దంలో ఆ దీవిలో 155 మందికి ఒకరు చొప్పున బధిరులు ఉండేవారు. అందువల్ల వినగలవారు కూడా చిన్ననాటినుండే సంజ్ఞలు నేర్చేవారు. అంగడిలో, ప్రార్థనామందిరంలో, పొలంలో చేతుల భాష నడిచేది. మాట వినబడనంత దూరంలో ఉన్న రెండు పడవల నుండి జాలరులు ఈ సంజ్ఞలతోనే మాట్లాడుకొనేవారు. వంశాగత బధిరత్వం గల చివరి దీవివాసి 1952లో మరణించగా ఆ భాష కూడా వాడుక నుండి తొలగిపోయింది. మానవశాస్త్రజ్ఞురాలు నోరా గ్రోస్ వృద్ధుల జ్ఞాపకాలను సేకరించి 1985లో ఒక గ్రంథం ప్రచురించింది. ఆ వృద్ధుల్లో కొందరు తమ చిన్ననాటి పొరుగువారిలో ఎవరు బధిరులో వెంటనే చెప్పలేకపోయారట. అది వారికి అంతగా పట్టించుకోదగిన విషయంగా తోచలేదు.

నెల్లూరు తీరంలో బధిరులు అంత ఎక్కువగా లేరు. కాని సైగ అవసరం ఇక్కడి వృత్తుల్లోనూ ఉంది. మరపడవ ఇంజను హోరులో గాని, రొయ్యల చెరువులో గాలిచక్రాలు తిరిగే చప్పుడులో గాని మాట సాగదు. వల లాగమనీ, ఆపమనీ, పడవ తిప్పమనీ చేయి చూపడం అక్కడ సహజం. ఇవి భాష కాదు, విడి గుర్తులు మాత్రమే. అయినా మాటను చేతితో పంపవచ్చునన్న ఎరుక తీరంలో కొత్తది కాదని చెప్పడానికి ఇవి చాలు.

సాధన పద్ధతులు చెప్పుకొనే ముందు ఈ భాష నిర్మాణాన్ని కొంత తెలుసుకోవాలి. లేకపోతే సాధకుడు తెలుగు వాక్యాన్నే చేతులతో పలుకుతూ అదే సంజ్ఞాభాష అనుకొనే ప్రమాదం ఉంది. వాక్యంలో క్రియ చివర రావడం తెలుగుకూ భారతీయ సంజ్ఞాభాషకూ సమానధర్మం. ఇంగ్లీషు మాతృభాషగా గలవారికంటె తెలుగు విద్యార్థికి ఇది ఒక సౌలభ్యం. ప్రశ్నల్లో మాత్రం తేడా కనిపిస్తుంది. "నీవు ఎక్కడికి వెళుతున్నావు?" అని తెలుగులో అంటే, సంజ్ఞాభాషలో "నీవు, వెళ్ళు, ఎక్కడ" అన్న క్రమం వస్తుంది. ప్రశ్నార్థక సంజ్ఞ చివర నిలుస్తుంది. అంతేకాదు, ఒకే ఒక ప్రశ్నార్థక సంజ్ఞకు చోటు, వేళ, ముఖం, లెక్క అనే సంజ్ఞలు చేర్చి ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఎన్ని అనే అర్థాలు సాధిస్తారు. తెలుగులో ఏ చోట, ఏ వేళ అన్నట్లే ఇది కూడా. వ్యతిరేకార్థం కూడా చివరనే వస్తుంది, దానితోపాటు తల అడ్డంగా ఊగుతుంది. పని ముగిసిందని చెప్పడానికి క్రియ తరువాత "అయిపోయింది" అనే అర్థమిచ్చే సంజ్ఞ చేరుతుంది. "ఇచ్చు" అనే సంజ్ఞ ఇచ్చేవాని వైపు నుండి పుచ్చుకొనేవాని వైపుకు కదులుతుంది. అందువల్ల ఎవరు ఎవరికి ఇచ్చారో విభక్తి ప్రత్యయాలు లేకుండానే తెలిసిపోతుంది. తెలుగు విభక్తి చేసే పనిని ఇక్కడ చేయి నడిచిన దారి చేస్తుంది.

పురుషుని తెలిపే సంజ్ఞ మీసాన్నీ, స్త్రీని తెలిపే సంజ్ఞ ముక్కుపుడకనూ తలపింపజేస్తాయి. భారతదేశపు సంస్కృతి ఈ భాషలో ఎంతగా ఇమిడి ఉన్నదో దీనివల్ల గ్రహించవచ్చు. పేర్లను, కొత్త పదాలను వ్రేళ్ళతో అక్షరం అక్షరంగా చూపడానికి రెండు చేతుల అక్షరసంకేతాలు వాడుకలో ఉన్నాయి. అవి ఇంగ్లీషు అక్షరమాలను అనుసరిస్తాయి. అందులోని అయిదు అచ్చులకు ఎడమచేతి అయిదు వ్రేళ్ళ కొనలు స్థానాలు. బొటనవ్రేలితో మొదలై చిటికెనవ్రేలితో ముగుస్తాయి.

అన్నిటికంటె ముఖ్యమైనది ముఖం. అవును, కాదు అనే సమాధానం కోరే ప్రశ్నలో కనుబొమలు పైకి లేస్తాయి, తల కొద్దిగా ముందుకు వస్తుంది. చేతులు అవే అయినా కనుబొమలు లేవకపోతే ప్రశ్న కాస్తా మామూలు వాక్యమైపోతుంది. కొత్తగా నేర్చేవారిలో ఎక్కువమంది చేతుల మీద దృష్టి నిలిపి ముఖాన్ని రాతిబొమ్మవలె ఉంచుతారు. తిక్కన సోమయాజి కవితలో చూపులు, కదలికలు, ముఖభావాల ద్వారా పాత్రల మనసును పట్టిచ్చే నాటకీయత ఉన్నదని విమర్శకులు ప్రశంసించారు. ఆ కవి నివసించిన నెల్లూరుసీమ విద్యార్థులు ముఖభావానికి వ్యాకరణ గౌరవం గల భాషను నేర్చుకోవడంలో ఒక ఔచిత్యం లేకపోలేదు.

ఒంటరిగా సాధన చేసేవారు మొదట చూడడం అభ్యసించాలి. చేయడం కంటె చదవడమే ఈ భాషలో కష్టం. ఇది అనుభవం గల బోధకులందరూ చెప్పే మాట. తనకు తెలిసిన వంద సంజ్ఞలను ఎవరైనా చేసి చూపగలరు. ఎదుటి మనిషి సహజవేగంతో మాట్లాడినప్పుడు ఆ వందలో పదింటిని గుర్తుపట్టడం కూడా గగనమవుతుంది. కావున ఒక నిమిషం నిడివిగల దృశ్యాన్ని తీసుకొని, కింద అక్షరాలు కనబడకుండా కప్పి, మూడు పర్యాయాలు చూడడం మంచిది. మొదటిసారి విషయం కోసం, రెండవసారి ముఖం కోసం, మూడవసారి చేతుల కోసం చూడాలి. తరువాత అదే విషయాన్ని తాను చెప్పి చరవాణిలో చిత్రించుకొని మూలంతో సరిపోల్చుకోవాలి. అద్దం కుడిఎడమలను తారుమారు చేసి చూపుతుంది. అందువల్ల ఈ పనికి అద్దం కంటె చరవాణి మేలు. తన దృశ్యాన్ని తానే చూచుకోవడం మొదట్లో సిగ్గుగానే ఉంటుంది.

అక్షరసంకేతాల అభ్యాసానికి బస్సు ప్రయాణం చక్కని అవకాశం. నెల్లూరు నుండి మైపాడుకు సుమారు 25 కిలోమీటర్ల దారిలో అంగళ్ళ బోర్డులు, ఊళ్ళ పేర్లు ఎన్నో కనిపిస్తాయి. ఒడిలో చేతులు ఉంచుకొనే వాటిని వ్రేళ్ళతో వ్రాయవచ్చు. ఆ తరువాతి మెట్టు వర్ణన. ఒడ్డున వరుసగా నిలిపిన పడవలు, వాటి ముందు ఆరవేసిన వలలు, దూరంగా వస్తున్న ఒక పడవ అనే దృశ్యాన్ని మాటలతో గాక చోటుతో చెప్పాలి. ఎదుట ఉన్న గాలిలో సముద్రాన్ని ఒకవైపు, ఒడ్డును ఒకవైపు నిలిపి, పడవకు గుర్తుగా చేతిని మలచి అది కదిలే తీరును చూపాలి. ఒకసారి ఒడ్డును కుడివైపు ఉంచితే చివరిదాకా అది కుడివైపే ఉండాలి. తెలుగులో పదివాక్యాలు పట్టే వర్ణన ఇక్కడ నాలుగు కదలికల్లో ముగుస్తుంది. నిఘంటువులో వెదికితే దొరకని సంపద ఇది.

ఇద్దరు మిత్రులు కలిసి నేర్చుకోవడం ఒంటరితనం కంటె నయం. రోజుకు అరగంట నోరు మూసుకొని ఉండాలన్న నియమం పెట్టుకొని, ఆ అరగంటలో జరిగే ప్రతి విషయాన్నీ చేతులతోనే చెప్పుకోవాలి. ఇందులో ఒక ప్రమాదం పొంచి ఉంది. ఇద్దరూ వినగలవారే అయినప్పుడు, తెలియని చోట తామే ఒక గుర్తు కల్పించుకొంటారు. నాలుగు నెలలు గడిచేసరికి ఆ ఇద్దరికీ తప్ప మరెవరికీ అర్థంకాని భాష ఒకటి తయారవుతుంది. దీనికి విరుగుడు, వారానికొకసారైనా సంజ్ఞాభాష మాతృభాషగా గల బధిరునితో దృశ్యసంభాషణ జరపడమే. నగరాల్లో ఉన్న బధిర బోధకులు కొందరు ఈ విధంగా పాఠాలు చెబుతున్నారు. వారికి తగిన రుసుము ఇవ్వడం న్యాయం. బధిరుడు తన భాషను ఉచితంగా నేర్పి తీరాలని ఆశించడం పద్ధతి కాదు. సంభాషణ వేళ చరవాణిని దేనికైనా ఆనించి రెండు చేతులూ ఖాళీగా ఉంచుకోవాలి. చేతుల రంగుకు భిన్నమైన, గళ్ళు చారలు లేని దుస్తులు ధరించాలి. వెలుగు ముఖం మీద పడేటట్లు కూర్చోవాలి.

తీరగ్రామాల్లో అంతర్జాలం అన్నిచోట్లా ఒకేవిధంగా అందదు. ఇటువంటి చోట్ల దూరదర్శన ప్రసారాల ప్రయోజనం ఎక్కువ. 2024 డిసెంబరు 6న కేంద్ర విద్యాశాఖ సంజ్ఞాభాషకు ప్రత్యేకంగా పి.ఎం. ఈ-విద్య 31వ ఛానలును ప్రారంభించింది. సంజ్ఞాభాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2023లో సొంతంగా నేర్చుకొనేవారి కోసం ఒక ప్రాథమిక పాఠక్రమాన్ని అంతర్జాలంలో ఉంచింది. ఢిల్లీ నుండి వచ్చే పాఠాల్లోని కొన్ని సంజ్ఞలు తిరుపతిలోనో బాపట్లలోనో చదివిన బధిరుడు వాడే సంజ్ఞలకు భిన్నంగా ఉండవచ్చు. అప్పుడు ఏది ఒప్పు అన్న వాదానికి దిగనవసరం లేదు. నెల్లూరు యాసనూ శ్రీకాకుళం యాసనూ కలుపుకొని తెలుగు ఉన్నట్లే రెండు సంజ్ఞలూ ఆ భాషలో ఉన్నాయి. ఎదుట ఉన్న మనిషి ఏది వాడుతాడో అది నేర్చుకొంటే సరిపోతుంది.

స్థానికంగా బధిర సమాజమే లేదన్న మాటను కొంత పరీక్షించి చూడాలి. తీరప్రాంతపు బధిర బాలబాలికల్లో చదువుకొనేవారు చాలామంది ఊళ్ళో ఉండరు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే శ్రీ వేంకటేశ్వర బధిర పాఠశాల, బాపట్లలోని ప్రభుత్వ ఆశ్రమ పాఠశాల వంటి సంస్థల్లో ఉండి చదువుకొంటారు. ఆ పిల్లలు తమలో తాము ధారాళంగా సంజ్ఞాభాష మాట్లాడుకొంటారు. సంక్రాంతికి, వేసవికి ఇంటికి వస్తారు. వచ్చిన రోజు నుండి వారితో మాట్లాడేవారు ఉండరు. అమ్మ చేసే నాలుగైదు ఇంటిసైగలు, తిను, పడుకో, రా, వద్దు, అంతటితో సరి. నిన్నటిదాకా మిత్రులతో గంటల తరబడి కబుర్లు చెప్పిన బాలిక సొంత ఇంట్లో అతిథివలె కూర్చుంటుంది. సంజ్ఞాభాష అభ్యసించే విద్యార్థికి కావలసిన మనిషి ఆ వీథిలోనే ఉంది. ఆ బాలికకు కావలసిన మనిషి ఆ విద్యార్థి.

తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరపడవల వేట నిషేధం అమలులో ఉంటుంది. వేసవి సెలవులు కూడా ఆ రోజుల్లోనే వస్తాయి. తండ్రి ఒడ్డున ఉండి, బిడ్డ ఇంట ఉండి, సాయంత్రాలు తీరికగా గడిచే కాలం ఏడాది మొత్తంలో ఇదొక్కటే. వేట లేని ఆ రెండు నెలలూ మత్స్యకార కుటుంబాలకు చేతిలో డబ్బు ఆడని రోజులు. అయినా రోజుకు పది సంజ్ఞలు బిడ్డ నేర్పగా ఇంటిల్లిపాది నేర్చుకొంటే, పడవలు తిరిగి నీటిలో దిగేనాటికి ఆరువందల సంజ్ఞలు ఆ ఇంట నిలుస్తాయి. దినచర్యకు అవి చాలవు గాని, మౌనాన్ని పగులగొట్టడానికి చాలు. నేర్పేది బిడ్డ, నేర్చేది పెద్దలు కావడం కొందరికి నామోషీగా తోచవచ్చు.

నెల్లూరు నగరంలో దివ్యాంగుల నైపుణ్యాభివృద్ధి, పునరావాసం కోసం కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన ప్రాంతీయ కేంద్రం ఉంది. అటువంటి చోట్లకు వచ్చే కుటుంబాలతో పరిచయం పెంచుకోవడం వల్ల చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరెవరు ఉన్నారో తెలుస్తుంది. ఏటా సెప్టెంబరు 23ను ఐక్యరాజ్యసమితి నిర్ణయం ప్రకారం 2018 నుండి అంతర్జాతీయ సంజ్ఞాభాషల దినోత్సవంగా పాటిస్తున్నారు. 1951లో ప్రపంచ బధిర సమాఖ్య స్థాపితమైన రోజు అది. బధిరుల కూడికలు ఆ రోజుల్లో ఎక్కువగా జరుగుతాయి.

బడికి ఎన్నడూ వెళ్ళని బధిరుల సంగతి వేరు. వలలు అల్లే వృద్ధునికో, చేపల బుట్ట మోసే స్త్రీకో నిఘంటువులోని సంజ్ఞలు తెలియకపోవచ్చు. వారు తమ ఇంటివారితో కలిసి కల్పించుకొన్న సైగలతోనే ఇన్నేండ్లూ నెట్టుకొచ్చారు. వారికి భాష నేర్పబోయే ఉత్సాహంతో ఆ సైగలను దిద్దడం మర్యాద అనిపించుకోదు. ముందు వారి సైగలను నేర్చుకోవాలి. అవి ఏ పుస్తకంలోనూ లేవు.

బధిరులతో మెలగడంలో కొన్ని మర్యాదలున్నాయి. పిలవవలసి వస్తే చేయి ఊపడమో, భుజాన్ని మెల్లగా తట్టడమో చేస్తారు. మాట నడుమ చూపు తిప్పుకోవడం చెవులు మూసుకోవడంతో సమానం. అర్థం కానప్పుడు తల ఊపి ఊరుకోవడం అన్నిటికంటె పెద్ద తప్పు. మరొకమారు చెప్పమని అడగడంలో సంకోచం అక్కరలేదు. ప్రతిసారీ పేరును వ్రేళ్ళతో వ్రాయనక్కరలేకుండా ఒక్కొక్కరికి ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తును బధిరులే పెడతారు గాని ఎవరికి వారు పెట్టుకోరు. "మూగ" అన్న మాటను బధిరుల విషయంలో అలవాటుగా వాడడం కూడా సరికాదు. వారికి గొంతు ఉంది, భాష ఉంది.

ఈ తీరంలో సంజ్ఞాభాష అవసరం అన్నివేళలకంటె తుపాను రాత్రి ఎక్కువగా తెలిసివస్తుంది. 1989 నవంబరులో పెనుతుపాను కావలి సమీపాన తీరం దాటింది. 2004 డిసెంబరు 26న సునామీ అలలు ఈ గ్రామాలనూ తాకాయి. ఓడరేవుల్లో ఎగురవేసే ప్రమాద సూచికలు కంటికి ఆనేవి. అవి పగలు ఆకారాలుగా, రాత్రి దీపాలుగా కనిపిస్తాయి. కాని పల్లెలోకి వచ్చే హెచ్చరికలు చాలావరకు చెవికోసం చేసినవే. దండోరా, మైకు, సైరను, ఇరుగుపొరుగువారి కేకలు, ఇవేవీ బధిరుని చేరవు. జనం పరుగెత్తడం చూచి అతడు కూడా పరుగెత్తుతాడు. ఎందుకో, ఎక్కడికో, ఎంతసేపటికో తెలియదు.

ఊరిలో ఒక్క విద్యార్థికి సంజ్ఞాభాష వచ్చినా అతనికి ఆ మూడు ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. గాలి, నీరు, పడవ, ఆశ్రయభవనం, ఇప్పుడు, రేపు, ఎన్నిగంటలు, మందులు, కాగితాలు, పిల్లలు, వెనుకకు రావద్దు అనే సంజ్ఞలను ముందే అభ్యసించి, ఊరి బధిరులతో కలిసి ఎండకాలంలోనే ఒకటి రెండుసార్లు ఆడి చూచుకోవాలి. తుపాను వేళ తొలుత పోయేది కరెంటు. చీకటిలో చేతులు కనబడవు. అందువల్ల టార్చిలైటు దగ్గర ఉంచుకొని, వెలుగును ఎదుటివాని కళ్ళలోకి గాక చెప్పేవాని ముఖం మీదికీ చేతుల మీదికీ పడేటట్లు మూడవ మనిషి పట్టుకోవాలి. పట్టుకొనేవారు లేకపోతే దానిని గూటిలోనో కిటికీలోనో నిలిపి, చెప్పేవాడు ఆ వెలుగుకు ఎదురుగా నిలబడి, కనుబొమలు లేపి, "తెలిసిందా?" అని అడగాలి.